నలభై ఒకటో ఏట ఉద్యోగం పోయింది, ఆ తర్వాత తొమ్మిది నెలలు: నా అనుభవం

2025 ఫిబ్రవరి 11, మంగళవారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ ఒకటి ప్రత్యక్షమైంది. విషయం అన్నచోట ఖాళీ. పిలిచినాయన మా మేనేజర్‌కు మేనేజర్, పక్కన హెచ్‌ఆర్ వాళ్ల పేరు. అంతకు ముందు నెలలో మా టీంలో ఇద్దరికి ఇలాంటి పిలుపే వచ్చింది కాబట్టి సంగతేంటో చేరకముందే అర్థమైపోయింది.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదహారేళ్లు పనిచేశాను, చివరి ఆరేళ్లు లీడ్‌గా. ఆఫీసు బెంగళూరులో, మేముండేది తిరుపతి ఎం.ఆర్.పల్లిలో. కోవిడ్ నుంచి ఇంటి నుంచే పని. అప్పుడప్పుడూ వెళ్లి ముఖం చూపించి వచ్చేదాన్ని.

మీటింగ్‌లో మాటలన్నీ మర్యాదగానే జరిగాయి. నా పనిలో లోపం లేదన్నారు, ప్రాజెక్టు బడ్జెట్ తగ్గిందన్నారు. నేనే రాజీనామా మెయిల్ పెడితే రెండు నెలల నోటీసు జీతం, దాని పైన ఒక నెల బేసిక్ ఇస్తామన్నారు. లేదంటే వాళ్లే తీసేసినట్టు కాగితం ఇస్తారట. సాయంత్రం ఆరింటికల్లా చెప్పాలి. పెట్టేశాను. తీసేసినట్టు కాగితం చేతికొస్తే తర్వాతి కంపెనీ వాళ్లు దాన్ని ఎలా చదువుతారోనని భయం. "స్వచ్ఛందంగా" అన్న మాట టైప్ చేస్తుంటే మాత్రం ఒళ్లు మండింది.

అది పంపిన కాసేపటికే నా ఆఫీసు మెయిల్ ఆగిపోయింది. పేస్లిప్పులు, ఫారం 16లు, అప్రైజల్ లెటర్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అవి చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఉద్యోగంలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు మీ పేస్లిప్పులు మాత్రం ఈరోజే సొంతచోట దాచుకోండి. ల్యాప్‌టాప్ వెనక్కి పంపడానికి పెట్టె వాళ్లే కొరియర్ చేస్తారు, అది చేరేదాకా లెక్కల సెటిల్‌మెంట్ మొదలుకాదు. నాకు డబ్బు మార్చి నెలాఖరుకు వచ్చింది. గ్రాట్యుటీ విడిగా ఏప్రిల్‌లో. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ హక్కు. ఏడాదికి పదిహేను రోజుల జీతం (బేసిక్, డీఏ) చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కేసి ఇస్తారు. ఆ లెక్క మీరూ ఒకసారి వేసి చూసుకోండి.

అసలు దెబ్బ మెడికల్ ఇన్సూరెన్స్‌లో తగిలింది. కంపెనీ పాలసీ చివరి పనిదినంతో ఆగిపోతుంది. మా అత్తకు షుగరు, బీపీ ఉన్నాయి. ఆమె పేరూ అందులోనే ఉంది. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఉంటుంది, కానీ గడువు దాటితే కొత్తగా చేరినట్టే లెక్క. హెచ్‌ఆర్ వాళ్లు తమంతట తాము చెప్పలేదు. మా ఆయన స్నేహితుడు చెప్తే పరుగులు పెట్టాం. ప్రీమియం ఏడాదికి నలభై వేలు దాటింది.

పీఎఫ్ నేను ముట్టుకోలేదు. పదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి పెన్షన్ భాగం నగదుగా రాదు, ఆ సర్వీసును తర్వాత పెన్షన్ లెక్కలో చూపించుకునే స్కీం సర్టిఫికెటే ఇస్తారు. అప్పటి నిబంధన ప్రకారం ఉద్యోగం పోయిన నెలకు 75 శాతం, రెండు నెలలకు మిగతాది తీసుకోవచ్చు. 2025 అక్టోబర్‌లో ఈపీఎఫ్ఓ బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది, 75 శాతం వెంటనే, మిగతా పాతిక శాతం పన్నెండు నెలలకు అని. కాబట్టి నా పద్ధతి చూసి కాకుండా మీరు తీసేనాటి రూల్ చూసుకోండి.

డబ్బు సంగతి ఇంతటితో సరి. మా ఆయన ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఆయన జీతంతో ఇల్లు గడుస్తుంది, ఇంటి లోన్ ఈఎంఐ మాత్రం నాది. వచ్చిన సెటిల్‌మెంట్‌లో ఎనిమిది నెలల ఈఎంఐ వేరే అకౌంట్‌లో వేసి పెట్టాం. కింద నేను రాసేదంతా ఆ ఎనిమిది నెలల ధైర్యంతో చేసిందే. అది లేనివాళ్లను "ఆగి, నీకేది ఇష్టమో చూసుకో" అనడం న్యాయం కాదు.

ఇక జనం. మా అత్త మొదటి మాట: "పోనీలేమ్మా, పాప టెన్త్ పరీక్షలు కదా, ఇంటి పట్టున ఉంటావు." ఆమె మనసులో కల్మషం లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మగవాడికి ఉద్యోగం పోతే మళ్లీ ఎప్పుడు చేరతావని అడుగుతారు, నన్ను మాత్రం ఎవరూ అలా అడగలేదు. బదులుగా తలా ఒక ఉద్యోగం చేతిలో పెట్టారు. పక్క ఫ్లాట్ ఆమె "అక్కా, ట్యూషన్లు పెట్టు" అంది. ఆడపడుచు వెంకటగిరి చీరలు తెచ్చి వాట్సాప్‌లో అమ్మమంది. మా చిన్నాయన బీఎడ్ చేయమన్నాడు, నలభై ఒకటో ఏట! ఒక్కరు కూడా "నీకేం చేయాలని ఉంది" అనలేదు. అడిగినా అప్పట్లో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మార్చి, ఏప్రిల్ అంతా అప్లికేషన్లే. రోజూ పొద్దున కాఫీ, తర్వాత నౌక్రీ, తర్వాత లింక్డ్‌ఇన్. ఫోన్ చేసేవాళ్లు ముందు నోటీస్ పీరియడ్ ఎంత అని అడుగుతారు. వెంటనే చేరతానంటే సంతోషిస్తారు, మరుక్షణం "ఎందుకు వెంటనే?" అని అనుమానిస్తారు. ఒక కన్సల్టెన్సీ ఆయన పదిహేను వేలు కడితే ఆఫర్ లెటర్ ఖాయమన్నాడు. పెట్టేశాను ఫోన్. చెన్నైలో ఒక ఇంటర్వ్యూలో నాకంటే పదేళ్లు చిన్న కుర్రాడు, "మేడం, మీ రెజ్యూమెలో రిపోర్టులు, కోఆర్డినేషన్ ఎక్కువగా ఉన్నాయి, చేత్తో టెస్ట్ చేసి ఎన్నాళ్లయింది?" అని నెమ్మదిగానే అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. తిరుగు బస్సు పుత్తూరు దాటేలోపు ఎంపిక కాలేదని మెయిల్ వచ్చేసింది. బాధపడాల్సింది పోయి గుండె మీద బరువు దిగినట్టయింది. అది నాకే వింతగా అనిపించింది. మా ఆయనతో కూడా చెప్పలేదు.

ఏప్రిల్ 23న టెన్త్ ఫలితాలు వచ్చాయి. పాపకు మంచి మార్కులే. ఇంట్లో ఎంపీసీయా, ఎంఈసీయా అని పంచాయితీ మొదలైంది. ఎవరో చెప్తే దాన్ని ఊళ్లోనే ఒక కెరీర్ గైడెన్స్ సెంటర్‌కు తీసుకెళ్లాం. వాళ్లు నాలుగున్నర వేలు తీసుకుని పది వేళ్ల ముద్రలు స్కాన్ చేసి పిల్లకు ఏ చదువు సరిపోతుందో చెప్తామన్నారు. మా ఆయన కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైన ఒక మేడం ఉన్నారు, ఆమెకు ఫోన్ చేశాం. "వేలిముద్రలకూ అభిరుచికీ సంబంధముందని చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ డబ్బుతో పిల్లకు సైకిల్ కొనిపెట్టండి" అన్నారు. తర్వాత ఆమే అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ ఉచితంగా పెట్టిన ఇంటరెస్ట్ ప్రొఫైలర్ అనే ఆన్‌లైన్ ఇష్టాల పరీక్ష గురించి చెప్పారు. అరవై ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నలో ఒక పని ఉంటుంది, దానికి అస్సలు ఇష్టం లేదు నుంచి చాలా ఇష్టం దాకా ఐదింట్లో ఒకటి పెట్టాలి. ఇటుకలు పేర్చడం, కొత్త మందు కనిపెట్టడం, నాటకాలు రాయడం, ఒకరికి వ్యాయామం నేర్పడం, షేర్లు కొని అమ్మడం, కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ తయారుచేయడం, ఇలా. ఆ పనికి నీకు చదువుందా, జీతమెంత వస్తుంది అన్నవి ఆలోచించొద్దని మొదట్లోనే రాసి ఉంటుంది.

పాప పావుగంటలో ముగించింది. పక్కన కూర్చున్న నన్ను "నువ్వూ చేయమ్మా" అంది. చేశాను. తర్వాత అది స్క్రీన్ చూసి నవ్వింది. "అమ్మా, నువ్వు ఒక్కదానికి కూడా చాలా ఇష్టం పెట్టలేదు. అన్నీ మధ్యలోనే."

దీని వెనక ఉన్నది జాన్ హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు సిద్ధాంతం. 1959లో మొదటిసారి బయటపెట్టాడు. మనుషుల ఇష్టాలనూ ఉద్యోగాలనూ ఆరు రకాలు చేస్తాడు: చేతులతో, యంత్రాలతో చేసే పనులు; కారణాలు వెతికే పనులు; కళలు; మనుషులకు నేర్పడం, సాయపడడం; అమ్మడం, నడిపించడం; లెక్కలు, ఫైళ్లు పద్ధతిగా ఉంచడం. పాపకు కళలు బాగా పైన వచ్చాయి, ఎంపీసీ కోరే మా ఆయన ముఖం చూడాలి ఆ పూట. నాకు ఆరూ దాదాపు ఒకే ఎత్తులో, ఏదీ పైకి లేవలేదు.

మరుసటి వారం మేడం వాళ్లింటికి వెళ్లి చూపించాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఇప్పుడు నువ్వు బిర్యానీ ఇష్టమా అన్నా తెలియదనే అంటావమ్మా. దెబ్బ తిన్న మనిషికి ఇష్టాలన్నీ చప్పబడిపోతాయి. ఈ గీతను చూసి ఏదీ తేల్చుకోకు, కొన్నాళ్లాగి మళ్లీ చెయ్యి" అన్నారు. ఈలోగా ఒక పని పెట్టారు: గత పదహారేళ్లలో అన్నం సంగతి మర్చిపోయి చేసిన పనులేవో రాయమన్నారు. ప్రమోషన్ వచ్చినవి కాదు, పొగడ్తలు వచ్చినవి కాదు, ఆకలి మర్చిపోయినవి.

రాస్తే మూడు వచ్చాయి. చేరిన కొత్తలో ఫిబ్రవరి 29న మాత్రమే బయటపడే తప్పు ఒకటి పట్టుకున్నాను. ఒక బ్యాంకు ప్రాజెక్టులో వడ్డీ లెక్కల్లో ఒక పైసా ఎక్కడ మాయమవుతోందో రాత్రంతా కూర్చుని తేల్చాను. మూడోది ఆఫీసుదే కాదు, మా అపార్ట్‌మెంట్ బోరు మోటారు సాయంత్రాల్లోనే ఎందుకు ట్రిప్ అవుతోందో వోల్టేజీ రాసుకుంటూ వాచ్‌మన్‌తో కలిసి కనిపెట్టాను. లీడ్ అయ్యాక ఆరేళ్లలో ఆఫీసు పని ఒక్కటీ ఆ జాబితాలోకి రాలేదు. ఆ ఆరేళ్లూ నేను చేసింది ఎక్సెల్ షీట్లు నింపడం, స్టేటస్ కాల్స్‌లో మాట్లాడడం. పుత్తూరు దగ్గర బస్సులో బరువు దిగినట్టు ఎందుకనిపించిందో అప్పుడు తెలిసింది. ఆ ఇంటర్వ్యూ కూడా అదే పనికి.

తెలిసినంత మాత్రాన ఉద్యోగం రాదు. మేలో ఎండలు, ఇంట్లో నేను. కొన్ని రోజులు స్నానం మధ్యాహ్నం దాకా చేయలేదు. ఈ భాగం గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

జూన్ మొదట్లో మా పెదనాన్న కొడుకు చిత్తూరు నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. "చెల్లీ, సీజన్ రెండు నెలలు క్వాలిటీ రూంలో కంప్యూటర్ చూసే మనిషి కావాలంట. బయటి దేశం వాళ్లకు ఏ లాట్ ఏ తోటదో లెక్క చూపించాలంట. వస్తావా?" జీతం నెలకు ఇరవై రెండు వేలు. నా పాత జీతంలో ఐదో వంతు కూడా కాదు. మా ఆయన ఏమీ అనలేదు. మా అత్త మాత్రం "అంత చదివి మామిడికాయల దగ్గరికా" అంది. వెళ్లాను. వారమంతా వదిన వాళ్లింట్లో ఉండి, ఆదివారం బస్సెక్కి తిరుపతి.

2025 సీజన్ ఎలా గడిచిందో మా జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. తోతాపురి విపరీతంగా కాసింది, ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అన్నారు. టోకెన్లు ఇచ్చారు. గేటు బయట రోడ్డు పొడవునా ట్రాక్టర్లు, వాటి కిందే రైతుల పడకలు. నేను గేటు దాటుతుంటే "మేడం, మా టోకెన్ ఎప్పుడొస్తాదో రవ్వంత చూడండి" అని అడిగేవాళ్లు. నా చేతిలో ఏమీ లేదు, అయినా నంబరు రాసుకుని లోపల అడిగి వచ్చి చెప్పేదాన్ని. మూడు రోజులు వేచి ఉన్న లోడ్‌లో కాయ మెత్తబడి నీరు కారుతుంటే చూడడం కష్టం. నా ఉద్యోగం పోయిందన్న దిగులు ఆ రోడ్డు మీద కాస్త చిన్నదైంది, దాన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు, జరిగింది రాస్తున్నాను.

లోపల పని ఇది: కాయలను కడిగి, గుజ్జు తీసి, వేడిచేసి, చల్లార్చి, సూక్ష్మజీవులు చేరని సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. ప్రతి లాట్‌కూ బ్రిక్స్ చూస్తారు, అంటే గుజ్జులో కరిగి ఉన్న చక్కెర ఎంతో. తోతాపురి గుజ్జుకు కొనేవాళ్లు సాధారణంగా 14 అయినా ఉండాలంటారు. నేను ఆ అంకెలు కంప్యూటర్‌లో ఎక్కించాలి, అంతే. రెండో వారంలో ఒకటి గమనించాను. రాత్రి షిఫ్ట్ లాట్లలో బ్రిక్స్ పగటి కంటే ఒక పాయింటు దాకా తక్కువ. అవే తోటల కాయలు! రాత్రి కెమిస్ట్ కాయలో తీపి లేదన్నాడు. నాకు నచ్చలేదు. రాత్రి ఉండి చూశాను. పగలు నమూనా చల్లారాక చూస్తున్నారు, రాత్రి తొందరలో లైన్ నుంచి వేడివేడిగా తెచ్చి పెడుతున్నారు. అక్కడున్న పాత రిఫ్రాక్టోమీటర్‌లో, అంటే బ్రిక్స్ కొలిచే పరికరంలో, ఉష్ణోగ్రత సవరణ లేదు. కొలత 20 డిగ్రీల దగ్గర చూడాలి, వేడిగా ఉంటే తక్కువ చూపిస్తుంది. ఒకే నమూనాను వేడిగా ఒకసారి, చల్లారాక ఒకసారి చూసి కాగితం మీద రాసి మేనేజర్ ముందు పెట్టాను. తెల్లవారి వదిన ఇంటికొస్తే "రాత్రి ఏం తిన్నావు?" అంది. ఏమీ తినలేదు. జాబితాలోకి నాలుగోది చేరింది.

ఆగస్టులో సీజన్ ముగిసింది. జీతం రెండో నెలది ఆలస్యంగా, అడిగి అడిగితే వచ్చింది. ఇంటికొచ్చి ఆ అరవై ప్రశ్నలు మళ్లీ చేశాను. ఈసారి గీత చదునుగా లేదు. కారణాలు వెతికేది బాగా పైన, చేతులతో చేసేది దాని వెనకే, ఫైళ్లు, పద్ధతి పనులు అట్టడుగున. ఒక హెచ్చరిక: ఆ సైట్ చివర్లో చూపించే ఉద్యోగాలు, జీతాలు అన్నీ అమెరికావి. వాటిని చూసి ఆశపడొద్దు, దిగులూ పడొద్దు. ఆ రకాల వరకే మనకు పనికొస్తాయి.

ఆ ఉత్సాహంలో ముందు ఫుడ్ సేఫ్టీ ఆడిటర్ అవుదామనుకున్నాను. ఐఎస్ఓ 22000 ఆడిటర్ కోర్సు ఐదు రోజులు, ముప్పై వేల చుట్టూ చెప్పారు. డబ్బు కట్టేముందు ఉద్యోగ ప్రకటనలు చదివితే ప్రతిదాంట్లో ఫుడ్ టెక్నాలజీ డిగ్రీ అడుగుతున్నారు. నాది ఎంసీఏ. ఆగిపోయాను. ఇష్టం ఒక్కటే చూసి కోర్సులు అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు ప్రకటనలు చదవమని చెప్పరు.

సెప్టెంబర్‌లో రెజ్యూమె తిరగరాశాను. కోఆర్డినేషన్, రిపోర్టింగ్ అన్న మాటలు రెండు లైన్లకు కుదించి, పైసా తప్పు, బ్రిక్స్ సంగతి పైకి తెచ్చాను. ఐటీ కంపెనీలకు పంపడం మానేసి శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలకు పంపాను. చాలామంది పలకలేదు. కొందరు "సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇక్కడ ఉండరమ్మా" అన్నారు. అక్టోబర్‌లో శ్రీసిటీలో ఒక కంపెనీ పిలిచింది. లైన్ల మీది కొలిచే పరికరాల నుంచి వచ్చే అంకెలు కంప్యూటర్‌లో సరిగ్గా చేరుతున్నాయో లేదో పరీక్షించే పని. ప్లాంట్ హెడ్ నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి ఆ రిఫ్రాక్టోమీటర్ గురించే అరగంట అడిగాడు. మూడు వారాలు ఏ కబురూ లేదు, టెన్షన్‌తో ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకునేదాన్ని. తర్వాత ఏడాది కాంట్రాక్టు ఇచ్చారు. జీతం పాతదాంట్లో సగం కన్నా తక్కువ.

నవంబర్ 10న చేరాను. కంపెనీ బస్సు పొద్దున ఆరుంబావుకు, ఇంటికి చేరేసరికి రాత్రి ఏడున్నర. ఇన్నేళ్లు ఇంట్లో కూర్చుని పనిచేసిన నడుముకు ఆ ప్రయాణం మొదటి వారం నరకం. బ్యాంకును అడిగి లోన్ గడువు పొడిగించుకున్నాం, ఈఎంఐ తగ్గింది, కట్టాల్సిన ఏళ్లు పెరిగాయి. పాప ఎంఈసీలో చేరింది, బొమ్మలు వేయడం మానలేదు. పాత టీంలో ఒకామెకు పోయిన నెల ఉద్యోగం పోయింది. ఆ అరవై ప్రశ్నల లింకు అడిగితే పంపాను, రెండు నెలల దాకా తెరవొద్దని కూడా రాశాను. మా అత్త ఇప్పుడు చుట్టాలకు "ఫ్యాక్టరీలో ఇంజనీరు" అని చెప్తోంది. నేను ఇంజనీరును కాదు. స్టీమ్ లైన్ల సంగతి నాకింకా అర్థం కాదు, మెయింటెనెన్స్‌లో ఒక కుర్రాడు టీ విరామంలో బొమ్మ గీసి చెప్తున్నాడు. ప్రొబేషన్ మే దాకా ఉంది.